అంతేవాసి మొదలు ఇంటర్నుషిప్పు వఱకు



కళాశాలకు పోవు బిడ్డ లేని యిల్లు మన పల్లెలలో నేడు అరుదు. ఆ బిడ్డలు సెలవులకు వచ్చినప్పుడు వారి నోట తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "పరీక్షలు బాగుగా వ్రాసితివా?" అని తాత యడుగును. "పరీక్షలకేమి తాతయ్యా, ఇంటర్నుషిప్పు దొరకలేదు" అని మనుమడు విచారముతో బదులు చెప్పును. ఆ దొరకనిది ఉద్యోగమో, బహుమానమో, సత్రములో భోజనమో తాతకు తెలియదు. తెలియదని చెప్పుటకు సంకోచించి ఊరకుండును. కావున ఆ మాట యెక్కడిది, ఆ యేర్పాటు మన దేశమున ఏయే రూపములు దాల్చినది, దానిని వెదకుకొను బిడ్డకు పెద్దలు ఎట్లు తోడుపడగలరు అను మూడు విషయములను ఈ పూట మీకు మనవి చేసికొందును.

ఇంటర్నుషిప్పు అనగా, కళాశాలలో చదువుచున్న విద్యార్థి, చదువు ముగియకముందే, కొన్ని వారములో కొన్ని నెలలో, ఒక కార్యాలయమునందో కర్మాగారమునందో ఆసుపత్రియందో పెద్దల చేతిక్రింద నుండి పని నేర్చుకొనుట. ఈ మాటకు మూలము ఫ్రెంచి భాష. 1802లో ప్యారిసు నగరపు ఆసుపత్రులలో ఒక క్రొత్త యేర్పాటు జరిగెను. వైద్యవిద్యార్థులకు పోటీపరీక్ష పెట్టి, నెగ్గినవారిని ఆసుపత్రిలోనే నివసింపజేసి, రోగి మంచము ప్రక్కన నిలిపి వైద్యము నేర్పిరి. అట్టివారికి 'లోపల నుండువాడు' అను నర్థము గల పేరు పెట్టిరి. ఆ పేరే ఆంగ్లమునకు వచ్చి ఇంటర్ను అయినది. మన యాసుపత్రులలో వైద్యపట్టమునకు ముందు ఒక సంవత్సరము పనిచేయు హౌసు సర్జనులు ఈ సంప్రదాయమునకు చెందినవారే.

సంస్కృతము చదివినవారికి ఈ పేరు వినగానే మన మాట యొకటి స్ఫురింపక మానదు. శిష్యునకు నిఘంటువులలో 'అంతేవాసి' అను పర్యాయపదము కలదు. 'అంతే' అనగా సమీపమున; 'వాసి' అనగా వసించువాడు. గురువు చెంతనే యుండి నేర్చువాడు అంతేవాసి. పాశ్చాత్యుల మాట 'లోపల' అనుచున్నది, మన మాట 'దగ్గర' అనుచున్నది. రెండింటి తాత్పర్యము ఒక్కటే. పుస్తకము చేతికిచ్చి పంపినంతమాత్రమున విద్య రాదు; చేయువాని చేతిని చూచుచు, వాని ప్రక్కన మసలినగాని పనితనము పట్టువడదు.

అంతేవాసి యనగా వేదము చదువు బ్రహ్మచారియే యని చాలమంది తలంతురు. కాని వృత్తి నేర్చుకొను అంతేవాసి గూర్చియు మన ధర్మశాస్త్రములు వ్రాసినవి. నేటికి సుమారు 1500 ఏండ్లకు పైబడిన నారదస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతులలో ఈ ప్రసంగము కలదు. నారదుడు చెప్పిన విధులను తెలుగున చెప్పెదను. శిల్పము నేర్వగోరువాడు మొదట తన బంధువుల యనుమతి పొందవలెను. ఎంతకాల మాచార్యుని యొద్ద నుండునో ముందుగనే నిశ్చయించుకొనవలెను. ఆచార్యుడు వానికి తన యింటనే భోజనము పెట్టి నేర్పవలెను. వానిచేత వేఱు పని చేయింపరాదు. కొడుకువలె చూచుకొనవలెను. కాత్యాయనుడు ఇంకొక యడుగు ముందునకు వేసెను: శిల్పము నేర్పక వేఱు పనులు చేయించు గురువునకు దండన విధింపవలె ననియు, ఆ శిష్యుడు అట్టి గురువును విడిచి పోవచ్చు ననియు చెప్పెను.

ఈ విధులను శ్రద్ధగా గమనింపుడు. గడువు, తిండి, నేర్పు, వేఱు చాకిరి లేకుండుట: ఈ నాలుగును ఇందు గలవు. మిగిలిన చరిత్రయంతయు ఈ నాలుగింటి చుట్టును తిరుగును. ఇవి నిలిచినప్పుడు అంతేవాసి పనివాడై బయటికి వచ్చెను. ఇవి తప్పినప్పుడు వెట్టివాడై మిగిలెను.

అయితే పూర్వపు ఏర్పాటులో అంతయు మంచియే యని చెప్పుట న్యాయము కాదు. గడువునకు ముందే పని వచ్చినను శిష్యుడు గడువు తీఱువఱకు గురుగృహమున నుండి, తన పనివలన వచ్చిన ఫలమును గురువునకే యియ్యవలెను. దోషము లేని గురువును విడిచి పాఱిపోయినవానిని బలవంతముగా తెచ్చి నిలుపవచ్చును. అన్నిటికంటె పెద్ద విషయ మేమనగా, శాస్త్రము చెప్పినది తన కులవృత్తిని నేర్చుకొనువాని గూర్చి. కంసాలి కొడుకు కంసాలి యొద్ద, సాలె కొడుకు సాలె యొద్ద కూర్చుండును. ఏ వాకిట కూర్చుండవలెనో పుట్టుకయే నిర్ణయించుచుండెను.

మన గ్రామోద్యోగములును ఇట్టివే. కరణముగారి కుమారుడు తండ్రి ప్రక్కన చాపమీద కూర్చుండి అడంగలు, చిట్టా, దండకవిలె వ్రాయుట నేర్చుకొనెడువాడు. అది మంచి శిక్షణయే. కాని ఆ చాపమీద మఱియొకరి బిడ్డకు చోటు లేకుండెను. మద్రాసు రాజధానిలో 1895లో చేసిన చట్టము వారసత్వపు గ్రామోద్యోగములకు బలము చేకూర్చెను. ఆ వారసత్వపు హక్కును గూర్చి గుంటూరు జిల్లాకు చెందిన ఒక గ్రామ మునసబు పదవి విషయమున వివాదము పుట్టి సుప్రీంకోర్టు వఱకు పోయెను. 1960లో ఆ న్యాయస్థానము, ప్రభుత్వోద్యోగమున వంశమును బట్టి తారతమ్యము చూపుట రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు పదవులనే రద్దుచేసెను. ఈ విషయము మీలో చాలమంది కన్నులార చూచినదే.

ఇక కంపెనీవారి కాలమునకు వత్తము. 1794లో చెన్నపట్టణమున సర్వే పాఠశాల యొకటి 8 మంది బాలురతో ప్రారంభమయ్యెను. అనాథాశ్రమమున పెరుగుచున్న పిల్లలను తెచ్చి, భూమి కొలుచు విద్య నేర్పి, సర్వేయరుల వెంట పనికి పంపిరి. ఆ చిన్న పాఠశాలయే క్రమముగా పెరిగి గిండీ ఇంజనీరింగు కళాశాల యైనది. ఆ యాశ్రమముననే ఆండ్రూ బెల్ అను నతడు, పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చదువు చెప్పించు పద్ధతి నవలంబించి, 1797లో లండనులో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. మన వీధిబడులలో ఇసుకమీద అక్షరములు దిద్దుట ఆయన చూచియుండెను. ఇంగ్లండులో ఆ పద్ధతికి 'మద్రాసు పద్ధతి' యని పేరు వచ్చెను. బడిపంతులుగా జీవించిన నాకు ఈ సంగతి ప్రత్యేకముగా ప్రీతికరము. నేర్పుచు నేర్చుకొనుటయే బడిపంతులు పనికి మొదటి మెట్టు.

1812లో చెన్నపట్టణమున సెయింటు జార్జి కోట కళాశాల వెలసెను. సీమనుండి వచ్చిన పడుచు దొరలు అచ్చట దేశభాషలు నేర్చుకొని, తరువాత జిల్లాలలో కలెక్టరుల చేతిక్రింద సహాయకులుగా పని నేర్చుకొనుచుండిరి. నేర్చుకొను కాలమునకును వారికి జీతము ముట్టుచుండెను. పరీక్షలో నెగ్గినకొలది అది పెరుగుచుండెను. మన తెలుగువారు మఱువరాని సి.పి. బ్రౌను దొర 1817లో వచ్చి ఈ కళాశాలలో చేరినవాడే. వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు నేర్చి, 1820లో కడపలో సహాయకుడుగా కుదిరెను. ఆనాడు విద్యార్థిగా మొదలుపెట్టిన తెలుగే తరువాత 1852లో వెలువడిన ఆయన నిఘంటువునకు బీజమయ్యెను.

ఆ కాలముననే తెలుగు బిడ్డలలోను పని ప్రక్కన విద్య నేర్చి పేరుపొందినవారు కలరు. ఏలూరునకు చెందిన కావలి సోదరులలో బొఱ్ఱయ్య యౌవనముననే మెకంజీ దొర యొద్ద చేరి, శాసనములు చదివి, ఊరూరి చరిత్రలు సేకరించు పనిని తీర్చిదిద్దెను. అతడు 1803లో చిన్న వయస్సుననే కాలధర్మము నొందగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని సాగించెను. మఱియొక సోదరుడు రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రలను ఆంగ్లమున ప్రకటించెను. ఒకడు నేర్చినది ఇంటిలో మఱియిద్దఱకు దారి చూపినది.

కాని కలెక్టరు కచేరీలలో సామాన్యుని స్థితి వేఱుగా నుండెను. అచ్చట 'ఉమేదువారీ' అను నాచారము కలదు. పారసీకమున 'ఉమేదు' అనగా ఆశ. ఉమేదువారు అనగా ఆశపెట్టుకొని యుండువాడు. అతడు తెల్లవారినది మొదలు కచేరీలో కూర్చుండి, అర్జీలకు నకళ్లు వ్రాయును, లెక్కలు కూడును, గుమాస్తా చెప్పిన పనియెల్ల చేయును. జీతము లేదు. గడువు లేదు. ఖాళీ యేర్పడినప్పుడు తనకు ఇత్తురని ఆశ. నెలలు గడచును, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడచును. ఇంట తినుటకు గలవాడు అట్లు నిలువగలుగును. లేనివాడు మధ్యలో లేచి పోవును. నిలిచినవారిలోను శిరస్తదారునకు చుట్టమైనవాడు ముందు, కానివాడు వెనుక. ఈ చుట్టఱికము ఎంత ముదిరినదనగా, జిల్లాలోని ఉద్యోగములన్నియు కొలదిపాటి పలుకుబడిగల కుటుంబముల చేతిలో పడకుండ చూడవలసినదని రెవిన్యూ బోర్డువారు 1850ల దశకమున కలెక్టరులకు ఉత్తరు విచ్చిరి.

సీమదొరబిడ్డకు నేర్చుకొనునప్పుడే జీతము, మన బిడ్డకు పనిచేసినను ఆశయే జీతము! అంతేవాసికి శాస్త్రము విధించిన నాలుగింటిలో ఉమేదువారునకు ఒక్కటియు మిగులలేదు. పని నేర్చుకొనెను, నిజమే. కాని నేర్పుట ఎవరికిని విధి కాదు.

1850లో ప్రభుత్వమువారు అప్రెంటిసుల చట్టమును చేసిరి. 10 ఏండ్లు దాటి 18 ఏండ్లు నిండని బిడ్డలను, ముఖ్యముగా అనాథలను, పేదలను, వృత్తి నేర్చుటకు వ్రాతపూర్వకమైన ఒడంబడికతో యజమాని యొద్ద చేర్పవచ్చు ననియు, గడువు 7 ఏండ్లకు మించరా దనియు అందు విధించిరి. నారదుడు చెప్పిన గడువు మరల కాగితము మీదికి వచ్చెను. అయినను ఇది చేతివృత్తుల బీదపిల్లలకే పరిమితము. కళాశాల విద్యార్థిని గూర్చి అప్పటికి ఎవరును తలంపలేదు.

కళాశాలను, కర్మాగారమును ఒక్క త్రాటికి కట్టిన ప్రయత్నము 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయమున జరిగెను. హెర్మను ష్నైడరు అను ఆచార్యుడు ఇంజనీరింగు విద్యార్థులను 27 మందిని తీసికొని, వారిని జతలుగా విభజించెను. జతలో నొకడు ఒక వారము తరగతిలో నుండగా, రెండవవాడు కర్మాగారమున నుండును. మఱు వారము వారు తావులు మార్చుకొందురు. కర్మాగారమువారికి పని యాగదు. విద్యార్థికి చదువు చెడదు. పైగా చేసిన పనికి కూలి ముట్టును. తరగతిలో విన్న సూత్రము యంత్రమున ఎట్లు పనిచేయునో వారము తిరుగకముందే కంటబడును. నేడు లోకమంతట కళాశాలలలో నున్న ఇట్టి యేర్పాటులకు ఈ ప్రయోగము మార్గదర్శకమైనది.

స్వతంత్ర భారతమున 1961లో క్రొత్త అప్రెంటిసుల చట్టము వచ్చెను. 1973లో దానిని సవరించి ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లమా విద్యార్థులను అందులో చేర్చిరి. 2014 సవరణముతో ఇతర పట్టభద్రులకును ద్వారము తెఱచిరి. ఈ చట్టము క్రింద ఒడంబడిక వ్రాయవలెను, నెలనెలకు భృతి యియ్యవలెను, నేర్పవలెను. న్యాయవిద్యకు 2008 నియమములు, మూడేండ్ల తరగతివారు 12 వారములు, అయిదేండ్ల తరగతివారు 20 వారములు ఇంటర్నుషిప్పు చేయవలెనని విధించినవి. లెక్కల పరీక్షకులగు చార్టర్డు అకౌంటెంట్లు కాదలచినవారు ఆర్టికల్సు అను పేర పెద్దల యొద్ద శిక్షణ పొందుదురు. పూర్వము 3 ఏండ్లున్న ఈ గడువును 2023లో 2 ఏండ్లకు తగ్గించిరి. ఆంధ్రప్రదేశమున 2020–21 విద్యాసంవత్సరము నుండి సామాన్య డిగ్రీ విద్యార్థులకు సహితము 10 నెలల ఇంటర్నుషిప్పును చదువులో భాగముగా నేర్పఱచిరి. 2024లో కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి పేరిట ఒక పథకమును ప్రారంభించి, పెద్ద కంపెనీలలో 12 నెలలు పని నేర్చుకొను యువజనులకు నెలకు 5,000 రూపాయలును, చేరునప్పుడు ఒక్కమాఱు 6,000 రూపాయలును ఇయ్య నిశ్చయించెను.

ఇచ్చట ఒక భేదమును పెద్దలు తెలిసికొనవలెను. అప్రెంటిసు వేఱు, ఇంటర్ను వేఱు. అప్రెంటిసునకు చట్టము కలదు, భృతి తప్పదు. ఇంటర్ను అను పేరుతో చేర్చుకొనువారందఱును తప్పక భృతి యియ్యవలెనను సామాన్యచట్టము మన దేశమున లేదు. కొందఱు ఇత్తురు, కొందఱు ఇయ్యరు. ఈ సందులోనుండియే ఉమేదువారీ మరల మన యిండ్లలోనికి దూరుచున్నది. పైగా పూర్వపు ఉమేదువారు ఉచితముగా పనిచేసెనేకాని, తానే యెదురు సొమ్ము చెల్లింపలేదు. నేడు ఆ విపరీతమును కూడ చూచుచున్నాము. నా యొద్ద చదువుకొన్న ఇద్దఱు పిల్లలు ఇంటర్నుషిప్పు ఇప్పింతుమన్నవారికి రుసుము చెల్లించిరి. వారికి పని చూపలేదు, పనివానిని చూపలేదు. కొన్ని వారములకు రంగుల అచ్చుతో ఒక యోగ్యతాపత్రము వచ్చెను. ఆ పిల్లల తండ్రు లిరువురును కౌలురైతులు. ఆ పత్రముతో ఉద్యోగమునకు పోయినప్పుడు, "నీవు ఏమి చేసితివి?" అను మొదటి ప్రశ్నకే వారి యొద్ద సమాధానము లేకపోయెను.

కావున బిడ్డ ఒక యవకాశము దొరికినదని చెప్పినప్పుడు, మనము ఆంగ్లము రాకున్నను అడుగదగిన ప్రశ్నలు కలవు. ఎన్నాళ్లు? తిండికి, బసకు ఏమి యిత్తురు? ఏ పని నేర్పుదురు? దానిని విడిచి వేఱు చాకిరి చేయింపరుగదా? ఇవి నారదుడు అడిగిన ప్రశ్నలే. వీనికి జవాబు కాగితముమీద నుండవలెను. అయిదవ ప్రశ్న యొకటి అంతేవాసి యను మాటలోనే యున్నది: నీవు ఎవరి చెంత నుందువు? ఇంట కూర్చుండి కంప్యూటరు ద్వారా చేయు ఇంటర్నుషిప్పులు నేడు చాల కలవు. అందు దోషము లేదు. దూరమున నున్నను, చేసిన పనిని చూచి తప్పు దిద్దువాడు ఒకడుండిన చాలును. అట్టివాడు లేనిచోట ఇంటర్నుషిప్పు లేదు. ఎదురు సొమ్ము అడిగినచో ఆ వాకిటినుండియే మరలవలెను.

వెదకుటకు దారులు కొన్ని చెప్పెదను. కళాశాలలో ఉద్యోగావకాశములు చూచు ఉపాధ్యాయు డొకడుండును. మొదట ఆయన నడుగవలెను. ప్రభుత్వమువారి అప్రెంటిసు వెబ్‌సైటునందును, అఖిలభారత సాంకేతిక విద్యామండలి వెబ్‌సైటునందును పేరు నమోదు చేసికొనవచ్చును. అందులకు చుట్టఱికముతో పనిలేదు. పట్టణములవైపే చూడనక్కఱలేదు. మన చుట్టునున్న సహకార సంఘము, ధాన్యపు మిల్లు, పాలకేంద్రము, కృషివిజ్ఞాన కేంద్రము, తాలూకా వకీలు కచేరి, ఇవియు పని నేర్చు తావులే. వాణిజ్యశాస్త్రము చదువు బాలిక ఊరి సహకార సంఘమున ఒక వేసవి కూర్చుండి చిఠా ఆవర్జాలు వ్రాయనేర్చినచో, "ఏమి చేసితివి?" అను ప్రశ్నకు ఆమె తడబడదు. చేసిన పనిని దినదినము ఒక పుస్తకమున వ్రాసికొనుట కూడ నేర్పుడు. ఆ పుస్తకమే రంగుల పత్రముకంటె గట్టి సాక్ష్యము.

చివరగా ఒక్క మాట. ఈ చరిత్రలో ప్రతి కాలమునను, పని నేర్చు చాపమీద మొదట కూర్చున్నవాడు లోపల తనవాడు గలవాడే. చట్టములు వచ్చినవి, తీర్పులు వచ్చినవి, వెబ్‌సైటులు వచ్చినవి. అయినను ఒక మంచిమాట చెప్పువాడు గల బిడ్డకు ద్వారము నేటికిని త్వరగా తెఱచుకొనుచున్నది. మీలో ననేకుల కుమారులు, అల్లుండ్రు హైదరాబాదులోను, విశాఖపట్టణములోను, బెంగుళూరులోను, సముద్రముల కావలను మంచి స్థానములలో నున్నారు. వారు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు మీ మనుమని కొఱకు చెప్పు మాటను, ఊరిలో ఎవరును లేని ఆ కౌలురైతు బిడ్డ కొఱకును చెప్పుడు. ఆ బిడ్డ అడుగునది జీతము కాదు. పనివాని చెంత కొన్నాళ్లు కూర్చుండు చోటు.